హెచ్‌పీవీ: మగవాళ్లు పేరు రాయకుండా అడిగిన ప్రశ్నలు

పోయిన నెల ఈ పేజీలో ఆడవాళ్లకు చేసే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షల గురించి రాశాం. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మగవాళ్లవి. ఊరి పేరు ఉంటుంది, మనిషి పేరు ఉండదు. చర్మ, సుఖవ్యాధుల డాక్టరు, స్త్రీల వైద్యురాలు కలిసి వాటికి ఇక్కడ జవాబులిస్తున్నారు.

ముందుగా ఒక్క విషయం. హెచ్‌పీవీ అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్. ఇందులో రెండు వందలకు పైగా రకాలున్నాయి. మర్మాంగాల దగ్గరి చర్మానికి అంటేవి నలభై దాకా ఉంటాయి. అక్కడ వచ్చే పులిపిర్లలో నూటికి తొంభై 6, 11 రకాల వల్ల వస్తాయి, ఆ రకాలు క్యాన్సర్ దాకా వెళ్లడం చాలా అరుదు. క్యాన్సర్ తెచ్చేవి ముఖ్యంగా 16, 18 రకాలు, అవి పులిపిర్లు తేవు, కంటికి కనపడవు. వచ్చిన ఉత్తరాల్లో సగం భయం ఈ రెండు జతలనూ ఒకటిగా అనుకోవడం వల్ల పుట్టిందే.

ప్రశ్న: మా ఇంటామెకు 38 ఏళ్లు. ఊళ్లో క్యాంపు పెడితే పరీక్ష చేయించుకునింది. హెచ్‌పీవీ 16 పాజిటివ్ అని కాగితం వచ్చింది. ఇది కలయిక వల్ల వచ్చే జబ్బంట కదా. నేను పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఏ తప్పూ చేయలేదు. మరి ఆమెకు యాడి నుంచి వచ్చినట్టు? ఇంట్లో మాటల్లేవు. మా అత్తగారు గర్భసంచి తీయించేస్తే సరిపోద్ది అంటా ఉంది. — కందుకూరు

జవాబు: ఆ కాగితం మీ ఆవిడ ఒంట్లో ఇవాళ ఏముందో చెబుతుంది. అది ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో చెప్పే పరీక్ష ఎక్కడా లేదు. ఈ వైరస్ చర్మం అడుగు పొరలో ఏళ్ల తరబడి అణగి ఉండి, ఏ నలభైల్లోనో మళ్లీ బయటపడగలదు. పెళ్లికి ముందు మీలో ఎవరో ఒకరికి ఒక్కసారి తగిలినా చాలు. మీ నుంచే ఆమెకు వచ్చి ఉండొచ్చు కూడా. మగవాళ్లలో చాలామందికి ఇది వచ్చి, ఏ గుర్తూ చూపించకుండా పోతుంది. దాంపత్య జీవితం ఉన్నవాళ్లలో ఎక్కువ మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక రకం హెచ్‌పీవీ తగులుతుంది. కాబట్టి ఈ కాగితం పట్టుకుని పంచాయతీ పెట్టొద్దు. మీరు తప్పు చేయలేదనడానికి గానీ, ఆమె చేసిందనడానికి గానీ అది సాక్ష్యం కాదు.

ఇక చేయాల్సింది. పాజిటివ్ అంటే క్యాన్సర్ అని కాదు. ఒంట్లోకి వచ్చిన హెచ్‌పీవీ పదిమందిలో తొమ్మిదిమందికి రెండేళ్లలోపు దానంతట అదే తగ్గిపోతుంది. తగ్గకుండా నిలిచిపోయిన వాళ్లలో కొందరికి ముఖద్వారం మీద కణాలు మారతాయి. అవి క్యాన్సర్ కావడానికి మామూలుగా పది, పదిహేనేళ్లు పడుతుంది. ఆ వ్యవధిలో పట్టుకోవడం కోసమే ఈ పరీక్ష పెట్టారు. 16 గానీ 18 గానీ పాజిటివ్ వస్తే ఆగి చూద్దామనుకోకుండా కాల్పోస్కోపీ చేయించాలి. సూక్ష్మదర్శిని లాంటి పరికరంతో ముఖద్వారాన్ని పెద్దది చేసి చూసే పరీక్ష అది. పది, పదిహేను నిమిషాలు పడుతుంది, మత్తు అక్కర్లేదు. అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో స్త్రీల విభాగం ఓపీకి వెళ్లి ఆ రిపోర్టు చూపించండి. నెలసరి రోజుల్లో వద్దు. ముందు రెండు రోజులు కలయిక, లోపల పెట్టే మందులు ఆపాలి. మార్పులు కనపడితే ఆ కాస్త భాగాన్ని వేడితోనో, చల్లదనంతోనో కాల్చేస్తారు, లేదా వైరు ఉచ్చుతో కోసి తీసేస్తారు. ఆ రోజే ఇంటికొస్తారు. ఏ మార్పూ లేకపోతే ఏడాదికి మళ్లీ పరీక్ష.

గర్భసంచి సంగతి. పాజిటివ్ కాగితం చూసి గర్భసంచి తీయడం వైద్యం కాదు. మన రాష్ట్రంలో ఈ ఆపరేషన్లు ఇప్పటికే అవసరానికి మించి జరుగుతున్నాయి. వైరస్ గర్భసంచిలో మాత్రమే ఉండదు, యోని గోడల్లోనూ ఉంటుంది. సంచి తీసినా అది అక్కడే ఉండిపోవచ్చు. కాల్పోస్కోపీ, బయాప్సీ లేకుండా ఎవరైనా ఆపరేషన్‌కు తేదీ ఇస్తే ఆ కాగితాలు తీసుకుని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మీకు పరీక్ష, మందు ఏమీ అక్కర్లేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆ రకాన్ని మీరిద్దరూ పంచుకునే ఉంటారు. దూరంగా పడుకోవాల్సిన పని లేదు. కాల్పోస్కోపీకి ఆమెతో పాటు మీరు కూడా వెళ్లండి, బయట బెంచీ మీద కూర్చున్నా సరే.

ప్రశ్న: నాకు 31. పెళ్లికి ముందు ఒకరిద్దరితో సంబంధం ఉంది. నాకు హెచ్‌పీవీ ఉందో లేదో తెలియాలి. ఒక ల్యాబ్ వాళ్లు రక్తంతో కలిపి ప్యాకేజీ ఆరు వేలు చెప్పారు. చేయించుకోవచ్చా? — నెల్లూరు, దర్గామిట్ట

జవాబు: వద్దు. హెచ్‌పీవీ రక్తంలో తిరిగే వైరస్ కాదు, రక్త పరీక్షలో దొరకదు. అంగం మీద దూదిపుల్లతో రుద్ది తీసే నమూనాకు ఇంతవరకు ఆమోదం పొందిన పరీక్ష మగవాళ్లకు లేదు. నెగెటివ్ వస్తే లేదని కాదు, పుల్ల తగలనిచోట ఉండొచ్చు. పాజిటివ్ వస్తే దానికి ఇచ్చే మందూ లేదు. ఆ డబ్బుతో చేయించుకోదగ్గవి వేరే ఉన్నాయి: హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బీ. మొదటి రెండూ ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. హెచ్‌ఐవీకి ఐసీటీసీ గది, సుఖవ్యాధులకు సురక్ష క్లినిక్ అని బోర్డు ఉంటుంది. చివరి కలయికైన మూడు నెలలకు హెచ్‌ఐవీ పరీక్ష ఇంకోసారి చేయించుకుంటే ఆ అధ్యాయం ముగుస్తుంది.

ప్రశ్న: గ్రానైట్ క్వారీలో పని. అంగం మీద, కింద సంచి మీద పులిపిర్లు లేచాయి. మా ఊరాయన సున్నం, బట్టల సోడా కలిపి పెట్టమన్నాడు. పెడితే కాలి పుండు పడింది. పక్కన ఇంకా నాలుగు కొత్తవి లేచాయి. మెడికల్ షాపులో ఏదో పెయింట్ ఇస్తామంటా ఉండారు. వాడమంటారా? — చీమకుర్తి

జవాబు: ముందు పుండు సంగతి చూడండి. సున్నం, సోడా కలిస్తే ఘాటైన క్షారం. చేతి మీది పులిపిరి కింద మందమైన తోలు ఉంటుంది కాబట్టి ఎలాగో తట్టుకుంటుంది. సంచి మీద తోలు కాగితమంత పలుచన, అక్కడ లోతుగా కాలుతుంది. జీడి రసం కూడా అంతే, రెండో రోజుకు బొబ్బలెక్కుతుంది. గుర్రపు వెంట్రుక బిగించి కట్టడం, బ్లేడుతో చెక్కడం కూడా వద్దు. అరికాలి ఆనెలకు అమ్మే ప్లాస్టర్లు, ద్రావణాలు కూడా ఇక్కడ పెట్టకూడదు. రోజూ రెండుసార్లు మంచినీళ్లతో కడిగి, మెత్తగా అద్ది, ఏమీ కలపని వాజలీన్ రాయండి. వదులు నూలు లోదుస్తులు వేసుకోండి. చీము, వాపు, జ్వరం ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. పుండు మానేదాకా పులిపిర్ల మందు ఏదీ పెట్టొద్దు.

కొత్తవి ఎందుకు లేచాయంటే, ఒకచోట గీరితే వైరస్ పక్కకు అంటుకుంటుంది. షేవింగ్ చేస్తున్నారా? అయితే రేజరు ఆపేయండి. కత్తెరతో పొట్టిగా కత్తిరించుకోండి. గీత పడినచోటల్లా పులిపిర్లు వరుస కట్టడం మేము తరచూ చూస్తుంటాం.

షాపు పెయింట్ గురించి జాగ్రత్త. చెట్టు వేరు నుంచి తీసే పోడోఫిలిన్ మందు రెండు రూపాల్లో దొరుకుతుంది, పేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి. పోడోఫిలోటాక్సిన్ 0.5 శాతం అయితే ఇంట్లో వాడుకోవచ్చు. పొద్దున, రాత్రి చొప్పున మూడు రోజులు రాసి, నాలుగు రోజులు ఆపాలి. ఇది ఒక విడత. నాలుగు విడతలకు మించకూడదు. రెండోది పోడోఫిలిన్ 20 నుంచి 25 శాతం, ముదురు గోధుమ రంగు ద్రవం. అది డాక్టరే పెట్టాలి. చుట్టూ మంచి చర్మానికి వాజలీన్ పూసి, పులిపిరి మీద మాత్రమే చుక్క అద్ది, ఆరనిచ్చి, ఒకటి నుంచి నాలుగు గంటల్లో కడిగేయాలి. షాపులో సీసా మీకు ఇచ్చేవాడు ఈ రెండో సంగతి చెప్పడు. రాత్రి రాసుకుని పొద్దున దాకా ఉంచుకున్నవాళ్లు నడవలేక వస్తారు. ఇంట్లో ఆడవాళ్లు గర్భంతో ఉంటే ఈ రెండూ వాళ్లకు వాడకూడదు.

ఇమిక్విమోడ్ 5 శాతం క్రీము ఇంకో దారి. సోమ, బుధ, శుక్రవారాల రాత్రి పలుచగా రాసి, 6 నుంచి 10 గంటల తర్వాత సబ్బుతో కడగాలి. పదహారు వారాల దాకా వాడొచ్చు. ఎర్రబడటం, కాస్త మంట ఉంటాయి. అది మందు పని చేస్తున్న గుర్తు. తోలు ఊడి రసి కారితే మాత్రం ఆపి చూపించుకోవాలి. క్రీము ఉన్నప్పుడు కండోమ్ రబ్బరు బలహీనపడుతుంది, కాబట్టి ఆ రాత్రి కలయిక మానండి. ఓపిక లేదంటే డాక్టరు దగ్గర ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం, ట్రైక్లోరో ఎసిటిక్ యాసిడ్ 80–90 శాతం అద్దడం, కరెంటు సూదితో కాల్చడం ఉన్నాయి. మొదటి రెండూ ఒకటి, రెండు వారాల తేడాతో కొన్నిసార్లు చేయాలి. కాల్చడం చాలామందికి ఒకటి, రెండు సార్లలో అయిపోతుంది, మచ్చ పడొచ్చు.

ఏ పద్ధతైనా కనపడే పులిపిరినే తీస్తుంది, చర్మంలోని వైరస్‌ను తీయదు. అందుకే మూడు నెలల్లోపు మళ్లీ రావడం మామూలే. డాక్టరు సరిగా కాల్చలేదనుకుని ఊళ్లు తిరగొద్దు, అదే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మందు మొదలుపెట్టే ముందు సిఫిలిస్ రక్త పరీక్ష అడిగి చేయించుకోండి. సిఫిలిస్‌లో వచ్చే తడి బొడిపెలు అచ్చం ఇలాగే ఉంటాయి. వాటికి పెన్సిలిన్ ఇంజక్షన్‌తో పోతుంది, కాల్చితే పోదు. మూత్రం వచ్చే రంధ్రంలో, మలద్వారం లోపల ఉన్నవాటికి ఇంట్లో మందు పెట్టకూడదు. నల్లగా, గట్టిగా, రక్తం చెమ్మతో ఉన్నవాటికి ముందు బయాప్సీ.

ప్రశ్న: అంగం తల చుట్టూ వరుసగా తెల్లటి చిన్న గింజలున్నాయి. ఏళ్లుగా అలాగే ఉన్నాయి. హెచ్‌పీవీనా? — ఆత్మకూరు

జవాబు: ఒకే సైజులో, పూసలు గుచ్చినట్టు ఒకటి రెండు వరుసల్లో, నొప్పి దురద లేకుండా, ఏళ్ల తరబడి పెరగకుండా ఉంటే అవి సహజమైన చర్మ నిర్మాణమే. జబ్బు కాదు, అంటదు. కాల్పించుకోవద్దు. పులిపిర్లు ఎగుడుదిగుడుగా, చిన్న కాలీఫ్లవర్ ముక్కలా, ఇష్టం వచ్చినచోట లేస్తాయి. మధ్యలో గుంట పడి మెరిసే గింజలు ఇంకో వైరస్‌వి. తేడా తెలియకపోతే డాక్టరు కంటితో చూసి చెప్పేస్తారు, ఒక్క నిమిషం పని.

ప్రశ్న: వయసు 28. రెండేళ్ల కింద బెంగళూరులో ఉన్నప్పుడు పులిపిర్లు వచ్చాయి, కాల్పించుకున్నాను. మళ్లీ రాలేదు. ఇప్పుడు సంబంధం కుదిరింది, మాఘమాసంలో పెళ్లి. అమ్మాయికి 24. చెప్పాలా? చెబితే సంబంధం తప్పిపోద్దేమోనని భయం. చెప్పకపోతే మోసం చేసినట్టు. — ఒంగోలు

జవాబు: చెప్పండి. ఇలా అనడానికి కారణం ధర్మం ఒక్కటే కాదు. చెబితే ఆమె చేయగలిగిన పని ఒకటుంది, టీకా. అది కలయిక మొదలు కాకముందు వేయించుకుంటేనే ఎక్కువ ఫలితం. 15 నుంచి 26 ఏళ్లవాళ్లకు మూడు డోసులు: మొదటిది, రెండు నెలలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. పెళ్లికి మూడు నెలలుంటే రెండు డోసులు ముందే పడతాయి. మూడోది తర్వాత వేయించుకోవచ్చు. ఈలోపు గర్భం వస్తే మిగిలిన డోసు కాన్పు అయ్యాక.

మీ వల్ల ఆమెకు ప్రమాదం ఎంత? రెండేళ్లుగా పులిపిరి లేదంటే మీ ఒంట్లో వైరస్ అణగిపోయిందనో, పోయిందనో అనుకోవచ్చు. అంటే అవకాశం తక్కువ. సున్నా అని రాసిచ్చే పరీక్ష లేదు. ఆ పులిపిర్ల రకాలు క్యాన్సర్ దాకా వెళ్లడం చాలా అరుదని పైన రాశాం. పులిపిర్లు వచ్చినవాడి భార్యకు అదనపు పరీక్షలేమీ అక్కర్లేదు, 30 దాటాక అందరిలాగే ముఖద్వార పరీక్ష చేయించుకుంటే చాలు. కండోమ్ కొంత కాపాడుతుంది, పూర్తిగా కాదు, ఎందుకంటే అది కప్పని చర్మం నుంచి కూడా అంటుతుంది. ఈ నాలుగు మాటలూ మీకు నోటికి వచ్చాకే మాట్లాడండి. మీరు తడబడితే ఆమె ఇంటర్నెట్‌లో చూసి ఇంకోటి అనుకుంటుంది.

ఎవరికి చెప్పాలి? ఆమెకు. మధ్యవర్తికి కాదు, మామగారికి కాదు, మీ వదిన చేత చెప్పించడం అసలే కాదు. ఫోన్లో మెసేజ్‌గా పంపొద్దు. స్క్రీన్‌షాట్ సాయంత్రానికి పది ఫోన్లు తిరుగుతుంది. ఎదురెదురుగా, తొందర లేని చోట కూర్చుని చెప్పండి. మాటలు ఇలా ఉండొచ్చు: "పెళ్లికి ముందు నీకు తెలియాల్సిన ఆరోగ్యం సంగతి ఒకటుంది. రెండేళ్ల కింద నాకు హెచ్‌పీవీ వల్ల పులిపిర్లు వచ్చాయి. చికిత్స చేయించుకున్నాను, మళ్లీ రాలేదు. హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేయించాను, ఇవిగో రిపోర్టులు. నీకు అంటే అవకాశం తక్కువే గానీ లేదని చెప్పలేను. ఒక టీకా ఉంది, ఇష్టమైతే డాక్టరుతో మాట్లాడదాం. ఆలోచించుకుని చెప్పు." అక్కడితో ఆపండి. ఆ రిపోర్టులు ముందే చేయించి ఉంచుకోండి.

ఎవరి వల్ల వచ్చింది అని ఆమె అడగొచ్చు. ఆ పేరు చెప్పాల్సిన అవసరం లేదు, మూడో మనిషి పరువు అది. అబద్ధం మాత్రం చెప్పకండి. చర్మం ఎలర్జీ, టాయిలెట్ వల్ల వచ్చింది లాంటి కథలు ఏదో ఒక రోజు డాక్టరు గదిలో తేలిపోతాయి. సంబంధం తప్పిపోవచ్చు కూడా, అలా జరగదని మేము హామీ ఇవ్వలేం. అయినా ముందు తెలిసి తప్పిపోవడం, పెళ్లయ్యాక తెలిసి కోర్టుకెక్కడం కంటే తేలిక.

మీలాగే రాసిన ఇంకొకరికి ఇప్పుడే పులిపిర్లున్నాయట, పెళ్లి వచ్చే నెల. ఆయనకు మా జవాబు వేరు. ముందు తీయించుకోవాలి, ఆమెకు చెప్పాలి, తిరగబెట్టేవి ఎక్కువగా వచ్చే ఆ మూడు నెలలూ కండోమ్ వాడాలి. ముహూర్తం జరుపుకోగలిగితే ఇంకా మంచిది.

ప్రశ్న: వయసు 56, షుగరుంది. ముందు తోలు వెనక్కి రావడం లేదు. లోపల ఏదో గట్టిగా తగులుతుంది, వాసన, రసి. తామర క్రీము ఆరు నెలల నుంచి రాస్తా ఉన్నా. — పొదిలి

జవాబు: అన్ని ఉత్తరాల్లోనూ తొందరగా కదలాల్సింది మీరే. ఈ వారంలోనే యూరాలజీ లేదా సర్జరీ ఓపీకి వెళ్లండి. షుగరు అదుపు తప్పితే తోలు చిట్లి, మానేటప్పుడు బిగుసుకుపోతుంది. వెనక్కి రాని తోలు కింద మురికి, వాపు ఏళ్ల తరబడి నిలిస్తే అంగం క్యాన్సర్‌కు దారి పడుతుంది. ఆ క్యాన్సర్లలో దాదాపు సగానికి హెచ్‌పీవీ తోడవుతుంది, బీడీ, సిగరెట్టు ఇంకా తోడు. మీకు అదే ఉందని మేము అనడం లేదు, వట్టి ఇన్‌ఫెక్షన్ కావచ్చు. కానీ లోపల గట్టిగా తగిలేదాన్ని తోలు తెరిచి చూడకుండా ఎవరూ తేల్చలేరు. తోలు కాస్త కోసి చూస్తారు, అనుమానమైతే ముక్క తీస్తారు. తొలి దశలో దొరికితే అంగం మిగుల్చుకునే ఆపరేషన్‌తోనే సరిపోతుంది. గజ్జల్లో గడ్డలు లేచేదాకా ఆగితే ఆ అవకాశం పోతుంది. సిగ్గుతో ఆరు నెలలు, ఏడాది ఆగి రావడం మన పల్లెల్లో ఈ జబ్బుకున్న పెద్ద సమస్య.

షాపుల్లో ఇచ్చే తామర క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది ఎరుపును, దురదను అణచి లోపలి జబ్బును దాచేస్తుంది. ఇవాళే ఆపండి, ట్యూబు మాత్రం డాక్టరుకు చూపించడానికి పట్టుకెళ్లండి. షుగరు రిపోర్టు, ఆధార్, రేషన్ కార్డు కూడా పెట్టుకోండి. క్యాన్సర్ అని తేలితే ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స ఉంటుంది. చెన్నై ప్రయాణం గురించి ఆ తర్వాత ఆలోచించొచ్చు.

ప్రశ్న: పొగాకు బేరన్ల దగ్గర పని, చుట్ట అలవాటు. నోటితో కలిస్తే గొంతు క్యాన్సర్ వస్తుందని వీడియోలో చూశాను. నిజమా? — టంగుటూరు

జవాబు: హెచ్‌పీవీ 16 వల్ల నాలుక మొదట్లో, టాన్సిల్స్‌లో క్యాన్సర్ రావడం నిజమే. అమెరికా లాంటి దేశాల్లో ఇది బాగా పెరిగింది. మన దగ్గర నోరు, గొంతు క్యాన్సర్లలో పెద్ద వాటా పొగాకుదే. మీకు చుట్ట ముందు వరసలో ఉంటే, మీరు భయపడుతున్నది వెనక ఎక్కడో ఉంది. పొగ తాగేవాళ్లలో హెచ్‌పీవీ తొందరగా పోదు కూడా, కాబట్టి చుట్ట మానితే రెంటికీ పనికొస్తుంది. గొంతులో హెచ్‌పీవీకి ముందస్తు పరీక్ష లేదు. మెడ పక్కన నొప్పి లేని గడ్డ, ఒకవైపే గొంతు లేదా చెవి నొప్పి, మింగలేకపోవడం, గొంతు బొంగురు, ఉమ్మిలో రక్తం, వీటిలో ఏదైనా మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి.

ప్రశ్న: నాకు మగవాళ్లతోనే సంబంధం. మలద్వారం దగ్గర బొడిపెలున్నాయి. మొలలేమోనని రోడ్డు పక్క మొలల క్లినిక్‌కు వెళ్లబోయి ఆగాను. — ఊరు రాయలేదు

జవాబు: ఆగి మంచి పని చేశారు. అక్కడ పులిపిరిని మొల అనుకుని ఇంజక్షన్ చేసినా, దారం కట్టినా పుండు, బిగుతు మిగులుతాయి. చర్మ, సుఖవ్యాధుల డాక్టరు దగ్గరికో, సురక్ష క్లినిక్‌కో వెళ్లండి. మగవాళ్లతో సంబంధం ఉందని అక్కడ ఉన్నదున్నట్టు చెప్పండి, చెబితేనే లోపల కూడా చూస్తారు. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ల మధ్య ఇది నేరం కాదు, కాబట్టి చెప్పినందుకు మీ మీద కేసు పెట్టేవాళ్లు లేరు. మలద్వార క్యాన్సర్ మామూలుగా చాలా అరుదు. మగవాళ్లతో కలిసేవాళ్లలో, అందులోనూ హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో ఎక్కువ. అందుకే మీకు హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 1097కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. బొడిపెలు పోయాక కూడా విరేచనంలో రక్తం, ఆగని నొప్పి, గట్టి గడ్డ ఉంటే మొలలని వదిలేయకుండా వేలితో పరీక్ష చేయించుకోండి. వయసు 26 లోపైతే టీకా వేయించుకోండి. దాటితే డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి, అప్పటికే తగిలిన రకాలపై అది పనిచేయదు.

ప్రశ్న: తువ్వాలు, బస్టాండు టాయిలెట్ల వల్ల వస్తుందా? — బిట్రగుంట

జవాబు: మర్మాంగాల హెచ్‌పీవీ చర్మానికి చర్మం రాసుకుంటే వస్తుంది. టాయిలెట్ సీటు మీద నెపం పెట్టొద్దు. పులిపిర్లు ఉన్నన్నాళ్లు తువ్వాలు, రేజరు విడిగా పెట్టుకుంటే సరి.

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు. మగపిల్లలకు కూడా ఈ టీకా వేస్తారంట, నిజమేనా? ఖమ్మంలో ఆడపిల్లలు చనిపోయారని అప్పట్లో పేపర్లో చదివాను. భయంగా ఉంది. — కోవూరు నుంచి ఒక తల్లి

జవాబు: నిజమే. సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్‌కు 2022లో అనుమతి వచ్చింది, 9 నుంచి 26 ఏళ్ల ఆడ, మగ ఇద్దరికీ. ఇది 6, 11, 16, 18 రకాలను అడ్డుకుంటుంది. అంటే పులిపిర్లను, క్యాన్సర్లలో ఎక్కువ భాగాన్ని. మార్కెట్లోకి వచ్చినప్పుడు డోసు రెండు వేల రూపాయల దాకా ఉంది. తొమ్మిది రకాలకు పనిచేసే విదేశీ టీకా ధర దీనికి కొన్ని రెట్లు. మగపిల్లలకు ప్రభుత్వం ఉచితంగా వేయడం లేదు, డబ్బు పెట్టుకోవాలి. ఇంట్లో ఆడపిల్ల కూడా ఉండి, ఒకరికే వీలైతే ముందు ఆడపిల్లకే వేయించండి. ముఖద్వార క్యాన్సర్ ముప్పు చాలా పెద్దది కాబట్టి ఇలా చెబుతున్నాం.

ఖమ్మం సంగతి పూర్తిగా తెలుసుకోండి. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలోనూ, గుజరాత్‌లోని వడోదరలోనూ 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు విదేశీ హెచ్‌పీవీ టీకాలు వేసే ప్రాజెక్టు నడిచింది. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. విచారణ కమిటీ ఆ మరణాలకు టీకాతో సంబంధం కనపడలేదని చెప్పింది. పురుగుమందు, నీళ్లలో మునగడం, పాముకాటు లాంటి కారణాలు తేలాయి. అయితే తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్ల చేత అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టించడం లాంటి తప్పులు బయటపడ్డాయి. అవి నిజమైన తప్పులు, మీ భయానికి మూలం అక్కడుంది. ఆ తర్వాత ప్రపంచమంతా కోట్ల డోసులు వేశారు. ఆస్ట్రేలియా 2013 నుంచి మగపిల్లలకు కూడా బడిలోనే వేస్తోంది.

15వ పుట్టినరోజు లోపు మొదలుపెడితే రెండు డోసులు చాలు, మధ్య ఆరు నెలలు. అది దాటితే మూడు. కాబట్టి మీ అబ్బాయికి ఇప్పుడే వేయిస్తే ఒక డోసు డబ్బు మిగులుతుంది. రెండో డోసు ఆలస్యమైతే మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, మిగిలింది వేస్తే సరిపోతుంది. హెచ్‌ఐవీ లాంటి రోగనిరోధక లోపం ఉంటే వయసు ఎంతైనా మూడు. ఈస్ట్ పడని పిల్లలకు, మొదటి డోసుకు తీవ్రమైన ఎలర్జీ వచ్చినవాళ్లకు వేయకూడదు. జ్వరంగా ఉంటే తగ్గేదాకా ఆగాలి.

మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మన రోహిణి కార్తె ఎండలో షాపు నుంచి చేతి సంచిలో వేసుకుని ఆటోలో తీసుకెళితే పాడవుతుంది. ఐసు గడ్డకు ఆనించి గడ్డకట్టించినా పాడైనట్టే, గడ్డకట్టిన టీకా కరిగినా పనికిరాదు. అందుకని టీకాలు రోజూ వేసే పిల్లల డాక్టరు దగ్గర, వాళ్ల ఫ్రిజ్‌లోదే వేయించండి. పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూసి స్టిక్కరు కార్డు మీద అంటించమనండి. భుజం కండకు 0.5 మిల్లీలీటరు సూది. ఈ వయసు పిల్లలు సూదికి కళ్లు తిరిగి పడటం మామూలు, కాబట్టి కూర్చోబెట్టే వేయించి, పదిహేను నిమిషాలు అక్కడే ఉంచండి. ఏమైనా తినిపించి తీసుకెళ్లండి. ఒకటి రెండు రోజులు చేయి నొప్పి, కొద్దిగా జ్వరం ఉండొచ్చు, పారాసిటమాల్ చాలు. ఎందుకీ సూది అని వాడు అడిగితే, పెద్దయ్యాక కొన్ని క్యాన్సర్లు రాకుండా అని చెప్పండి. పదమూడేళ్లవాడికి ఆ మాట అర్థమవుతుంది.